జింకతో మన ఋణానుబంధం



జింకలతో, దుప్పులతో ప్రాణం ముడిపడి ఉన్న ఒక జాతి మనుషులు. దుప్పికి దెబ్బ తగిలితే వాళ్లకు నొప్పి పుడుతుంది. దుప్పి పరుగెత్తితే వాళ్ల కాళ్లకు బలం వస్తుంది. ఇలాంటి ఊహ మీద ఇవాళ ప్రపంచంలో ఎన్నో కథలు, సినిమాలు, ఆటలు వస్తున్నాయి. జపాన్ దర్శకుడు హయావో మియాజాకి 1997లో తీసిన ‘ప్రిన్సెస్ మోనోనోకె’ చూసిన పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. అందులో అషితాకా అనే యువకుడు యాకుల్ అనే ఎర్రని ఎల్క్ మీద కొండలు దాటిపోతాడు. ఎల్క్ అంటే చలిదేశాల పెద్ద కొమ్ముల దుప్పి. మన దేశంలో అది లేదు. దానికి దగ్గరి చుట్టం కశ్మీర్‌లో ఉండే హంగుల్. ‘హాబిట్’ సినిమాల్లోనైతే అడవిని ఏలే రాజు ఎల్క్ మీదే యుద్ధానికి వస్తాడు.

ఈ కథలను మన పిల్లలు ఇష్టపడటం నాకు సంతోషమే. కానీ వాళ్లకు ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేల మీద నిలబడి చుట్టూ చూస్తే, జింకతో ముడిపడ్డ మనుషుల కథలు మనకు నాలుగు దిక్కులా ఉన్నాయి. ఒకటి ఆకాశంలో ఉంది. ఒకటి రాతి మీద ఉంది. ఒకటి తాళపత్రంలోకి ఎక్కింది. ఒకటి ఇప్పటికీ అడవిలో నడుస్తోంది. ఈ కాలపు కల్పనల్లో చాలావరకు జింకతో బంధం మనిషికి శక్తినిస్తుంది. మన కథల్లో ఆ బంధం మనిషి మీద ఋణం మోపుతుంది. ఆ ఋణం గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

ముందు ఆకాశం సంగతి. ఏటా జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. మన ఊళ్లలో మిరుగం అంటారు. ఆ రోజు ఇంగువ, బెల్లం కలిపి ఇంట్లో అందరికీ పెడతారు. చేపల కూర వండని ఇల్లు అరుదు. జనగామ వంటి మెట్ట ప్రాంతంలో మిరుగం వాన రైతు గుండెకు ఊపిరి. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. రోహిణి ఎండలకు నెర్రెలిచ్చిన చెలక ఆ వానతోనే మెత్తబడుతుంది. అరక కట్టే రోజు దగ్గరపడుతుంది.

మృగశిర అంటే జింక తల. ఆ జింక ఎవరు? వేదకాలపు బ్రాహ్మణ గ్రంథాల్లో ఒక కథ ఉంది. ప్రజాపతి ఒకసారి జింక రూపం ఎత్తి, తగని కోరికతో తన కూతురి వెంటపడ్డాడు. ఆమె లేడి రూపంలో పరుగెత్తింది. ఆ అధర్మాన్ని ఆపడానికి రుద్రుడు బాణం వేశాడు. బాణం తగిలిన జింక ఆకాశానికెక్కింది. దాని శిరస్సే మృగశిర. వరుసగా కనబడే మూడు చుక్కలు ఆ బాణం. కొంచెం దూరంలో ధగధగ మెరిసే పెద్ద చుక్క మృగవ్యాధుడు, అంటే వేటగాడు. గ్రీకులు ఇదే నక్షత్రాల గుంపులో వేటగాడైన ఓరియన్‌ను చూశారు. మనవాళ్లు అక్కడ వేటాడబడిన జింకను చూశారు. వేటగాణ్ని పక్కకు జరిపి, బాణం తగిలిన ప్రాణిని నడిమధ్యన నిలబెట్టారు.

కార్తె వచ్చినప్పుడు సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరే ఉంటాడు కనుక జూన్‌లో మృగశిర మనకు కనబడదు. మార్గశిర మాసంలో పున్నమి చంద్రుడు దాని పక్కకు చేరతాడు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పొద్దుగూకిన తర్వాత తూర్పు దిక్కున చూడండి. మూడు చుక్కల వరుస తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని బట్టి జింక తలను పిల్లలకు చూపించవచ్చు. మృగశిర తర్వాత వచ్చే కార్తె ఆరుద్ర. దానికి అధిదేవత రుద్రుడే. జింక ముందు, వేటగాడు వెనక. ఆ వరుసలోనే మన వానలు. ఇక్కడే మొదట చెప్పిన మియాజాకి సినిమా గుర్తొస్తుంది. అందులో వేటగాళ్లు అడవి దేవుడి తల నరుకుతారు. ఆ దేవుడిది దుప్పి శరీరం, మనిషి ముఖం. తల పోగానే అడవి అంతా ఎండిపోతుంది. తల తిరిగి ఇచ్చాకే పచ్చదనం వస్తుంది. జపాన్‌లో పుట్టిన ఆ కథ, మన రైతు నోట్లో నలిగే మిరుగం ఎంత దగ్గర చుట్టాలో చూడండి.

వానకూ జింకకూ ఉన్న ఈ ముడి మన ఇతిహాసాల్లోనూ ఉంది. విభాండకుడనే మునికి ఒక లేడి కడుపున పుట్టినవాడు ఋష్యశృంగుడు. తల మీద జింక కొమ్ముతో పుట్టాడు. తండ్రి తప్ప వేరే మనిషి తెలియకుండా అడవిలో పెరిగాడు. అంగదేశంలో వానలు లేక కరువు వస్తే, ఆ పిల్లవాడు వచ్చి అడుగు పెడితేనే వాన పడుతుందని రోమపాద మహారాజుకు పెద్దలు చెప్పారు. తీసుకొచ్చారు. వాన కురిసింది. తర్వాత దశరథుడు అదే ఋష్యశృంగుణ్ని అయోధ్యకు పిలిపించి పుత్రకామేష్టి చేయించాడు. అప్పుడు పుట్టినవాడు రాముడు. లేడి కడుపున పుట్టిన ముని చేతి యజ్ఞఫలం మన రాముడు. ఈ సంగతి భద్రాచలం కల్యాణానికి ఏటా తలంబ్రాలు తీసుకుపోయే మనం ఎంతమందిమి తలుచుకుంటున్నాం?

ఇక రాతి సంగతి. భూపాలపల్లి జిల్లాలో రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. పొరలు పొరలుగా పేర్చినట్టుండే ఇసుకరాతి గుట్టలు. వాటి గుహల్లో, చరియల కింద ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయని 1990లో బయటి లోకానికి తెలిసింది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల్లో గీతలు. అడవిదున్న ఉంది, లేడి ఉంది, పులి ఉంది, చిరుతపులి ఉంది. విల్లు, బాణం కూడా ఉన్నాయి. స్వస్తిక గుర్తులు, వలయాలు, చదరాలు ఉన్నాయి. వేల ఏళ్ల కిందట ఒక మనిషి రంగురాయి నూరి, నీళ్లలోనో కొవ్వులోనో కలిపి, తాను తినే జంతువును అంత శ్రద్ధగా ఎందుకు గీశాడు? ఆకలి ఒక్కటే అయితే బొమ్మ అక్కర్లేదు. కడుపు నిండినవాడు పడుకుంటాడు. బొమ్మ గీసినవాడు ఆ ప్రాణిని మళ్లీ మళ్లీ తలుచుకున్నవాడు. దాని మెడ వంపు, కాలి విసురు మనసులో నాటుకుపోయినవాడు.

ఆ గుట్టలకు పాండవుల పేరు మన జనం పెట్టుకున్నారు. అరణ్యవాసంలో వాళ్లు ఇక్కడ ఉన్నారని చెప్పుకుంటారు. ఆ వరుసలోనే గొంతెమ్మ గుట్ట ఉంది. గొంతెమ్మ అంటే మన పల్లెనోట కుంతీదేవి. జింక బొమ్మలున్న గుట్టకు పాండవుల పేరు కుదరడం నాకు చాలా లోతైన విషయంగా కనిపిస్తుంది. ఎందుకంటే పాండవుల పుట్టుకకు కారణం ఒక జింక ఇచ్చిన శాపం.

నన్నయ ఆదిపర్వంలో ఆ కథ ఉంది. పాండురాజు వేటకు పోయాడు. జంటగా ఉన్న జింకల మీద బాణాలు వేశాడు. మగజింక నేల మీద పడి మనిషి గొంతుతో మాట్లాడింది. అది కిందముడనే ముని. భార్యతో కలిసి జింక రూపంలో అడవిలో తిరుగుతున్నాడు. అతడన్న మాటల సారం ఇది: రాజులు వేటాడటం తప్పని నేననను, జంటకట్టి ఉన్న ప్రాణుల మీద బాణం వేయడం మాత్రం తప్పు. వేటకూ ఒక ధర్మం ఉంది, దాన్ని నువ్వు దాటావు. నువ్వు కూడా భార్యను కూడిన క్షణానే చనిపోతావని శపించాడు. పాండురాజు రాజ్యం వదిలి, భార్యలతో శతశృంగ పర్వతానికి వెళ్లిపోయాడు. ఆ శాపం ఉంది కనుకనే కుంతి మంత్రబలంతో ధర్మరాజును, భీముణ్ని, అర్జునుణ్ని కన్నది. మాద్రి కవలలను కన్నది. ఒక్క తప్పు బాణం నుంచి భారత కథ అంతా పుట్టింది.

చూడండి, రాముడి పుట్టుకలో ఒక లేడి ఉంది. పాండవుల పుట్టుకలో ఒక జింక ఉంది. మిగిలింది భాగవతం. దానికి జనగామ జిల్లాకు రావాలి.

పాలకుర్తి, బమ్మెర, వల్మిడి. పక్కపక్కనే ఉన్న మూడు ఊళ్లు. పాలకుర్తి మన పాల్కురికి సోమనాథుడి ఊరు. గుట్ట మీద సోమేశ్వరుడున్నాడు. శివుడి విగ్రహాల్లో చాలాచోట్ల పై చేతుల్లో ఒకదాంట్లో గొడ్డలి, ఇంకోదాంట్లో చిన్న జింక కనబడతాయి. కొన్ని విగ్రహాల్లో ఆ జింక వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చూస్తుంటుంది. ఆకాశంలో బాణం వేసిన రుద్రుడే ఇక్కడ జింకను చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు. ఈసారి గుడికి వెళ్లినప్పుడు పిల్లలకు ఆ చెయ్యి చూపించండి.

వల్మిడిలో వాల్మీకి మహర్షి తపస్సు చేశాడని ఊరివాళ్ల నమ్మకం. గుట్ట మీద రామాలయం ఉంది. వాల్మీకి అనగానే బంగారు లేడి గుర్తుకొస్తుంది. ఆ కథ మీకు చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గరి పర్ణశాలకు పోయినవాళ్లంతా విన్నదే. అందంగా ఉంది కాబట్టి నాకు కావాలి అనుకున్న జింక, ఉన్న కాపురాన్ని విడదీసింది. ఆ ఒక్క మాట గుర్తుంచుకుని బమ్మెర వైపు నడుద్దాం.

బమ్మెర అంటే పోతన. ఆయన దున్నిన పొలం ఇదని, ఆయన బావి ఇదని ఇప్పటికీ ఊళ్లో చూపిస్తారు. ఆంధ్ర మహాభాగవతం అంతా పోతన చేతి రచనగానే మనకు దక్కలేదు. కొన్ని స్కంధాలను తర్వాత వేరే కవులు పూరించారు. భరతుడి కథ ఉన్న పంచమ స్కంధాన్ని తెలుగు చేసినవాడు గంగన. పోతన వెలిగించిన దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డుపెట్టిన కవుల్లో ఆయనొకడు. ఆ కథను కొంచెం తీరిగ్గా చెప్పుకుందాం.

ఋషభుడి కొడుకు భరతుడు. ఈ దేశానికి భారతవర్షం అనే పేరు ఇతని వల్లే వచ్చిందని భాగవతం చెబుతుంది. చాలా ఏళ్లు రాజ్యం చేసి, కొడుకులకు అప్పగించి, గండకీ నది ఒడ్డున పులహాశ్రమానికి వెళ్లి తపస్సులో కూర్చున్నాడు. ఒకరోజు నది ఒడ్డున జపం చేసుకుంటున్నాడు. నిండు చూలుతో ఉన్న లేడి ఒకటి నీళ్లకు వచ్చింది. ఎక్కడో సింహం గర్జించింది. లేడి బెదిరి ఒక్క ఉదుటున నది మీదికి దూకింది. ఆ దూకుడులో కడుపులోని పిల్ల జారి ప్రవాహంలో పడింది. తల్లి అవతలి ఒడ్డున పడి ప్రాణం విడిచింది. నీళ్లలో కొట్టుకుపోతున్న పిల్లను భరతుడు ఎత్తుకున్నాడు.

ఎత్తుకోకుండా ఎలా ఉంటాడు? అక్కడి నుంచి ఆయన రోజులన్నీ ఆ పిల్ల చుట్టూ తిరిగాయి. లేత గడ్డి తెచ్చి మేపాడు. తోడేళ్లు వస్తాయేమోనని కాపలా కాశాడు. దర్భలు తేవడానికి అడవికి పోతే వెంట తీసుకుపోయాడు. దారిలో అది అలసిపోతే భుజాన ఎత్తుకున్నాడు. పూజ మధ్యలో లేచి అది ఉందా లేదా అని చూసేవాడు. ఒకరోజు అది కనబడకపోతే పొద్దుపోయేదాకా దాని గిట్టల గుర్తులు వెతుక్కుంటూ, ఆ గుర్తులు పడిన నేల ఎంత అదృష్టం చేసుకుందో అని పలవరించాడు. చివరికి ప్రాణం పోయే వేళ పక్కన కూర్చున్న జింకనే చూస్తూ కన్ను మూశాడు. మరుజన్మలో కాలంజర పర్వతం మీద జింకగా పుట్టాడు.

పురాణం చెప్పేవాళ్లు చాలామంది ఈ కథను ఇక్కడ ఆపి, మమకారం పెంచుకుంటే ఇదే గతి అంటారు. అది ఒక పాఠమే, కాదనను. కథ మాత్రం అక్కడ ఆగలేదు. జింకగా పుట్టిన భరతుడికి పూర్వజన్మ జ్ఞాపకం పోలేదు. తల్లి మందను వదిలి మళ్లీ పులహాశ్రమానికే నడిచి వచ్చాడు. ఎండుటాకులు తింటూ, ఒంటరిగా, శరీరం పడిపోయే వేళ కోసం ఎదురుచూశాడు. ఆ తర్వాతి జన్మలో బ్రాహ్మణ బాలుడై పుట్టాడు. లోకం కంటికి మందమతిలా, మాటరానివాడిలా తిరిగాడు. అందుకే జడభరతుడన్నారు.

ఒకనాడు రహూగణుడనే రాజు పల్లకిలో పోతున్నాడు. బోయీ ఒకడు తక్కువయ్యాడు. దారిలో గట్టిగా కనబడిన జడభరతుణ్ని పట్టుకొచ్చి పల్లకి బొంగు భుజాన పెట్టారు. ఈయన నడక మిగతావాళ్లతో కలవలేదు. పల్లకి ఒరిగిపోతోంది, కుదుపులు వస్తున్నాయి. ఎందుకు? అడుగు వేసే ముందు ఈయన బారెడు దూరం నేల చూసుకుంటున్నాడు. కాలి కింద చీమ పడుతుందేమో, పురుగు పడుతుందేమో అని చూసి, తప్పించి, అప్పుడు అడుగు వేస్తున్నాడు. రాజుకు కోపం వచ్చి ఎత్తిపొడుపు మాటలన్నాడు. అప్పుడు జడభరతుడు మొదటిసారి నోరు తెరిచాడు. మోసేవాడెవడు, మోయించుకునేవాడెవడు అని ఆయన చెప్పిన జ్ఞానానికి రాజు పల్లకి దిగి కాళ్ల మీద పడ్డాడు.

ఆ అడుగు ఆయనకు ఎక్కడ నుంచి వచ్చింది? నాకు తోచిన సమాధానం ఒకటే. ఒక జన్మంతా గిట్టల మీద నడిచినవాడికి, పెద్ద పాదం కింద చిన్న ప్రాణం ఎంత భయపడుతుందో తెలుసు. మహారాజుగా ఉన్నప్పుడు తెలియనిది, తపస్సులో కూర్చున్నప్పుడు పట్టుబడనిది, జింకగా బతికాక తెలిసింది. జింక జన్మ ఆయనకు శిక్షగా వచ్చిందని అంటాం. నా మట్టుకు నాకు అది ఆయన చదువుకున్న బడి. ఈ దేశానికి పేరు ఇచ్చినవాడు ఒక జన్మ జింకగా బతికాడన్న మాట మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిన మాట.

ఇప్పుడు అడవికి వెళ్దాం. మహబూబాబాద్ జిల్లా గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల అడవులు ఇటు పాఖాల వైపు, అటు ఏటూరునాగారం వైపు సాగుతాయి. పాఖాల అభయారణ్యం 1952లో, ఏటూరునాగారం అభయారణ్యం 1953లో ఏర్పడ్డాయి. ఏటూరునాగారం 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. ఇవి కోయల అడవులు. కోయరాజు మేడరాజు వేటకు పోయినప్పుడు పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప కనబడిందని, ఆమే సమ్మక్క అని మనందరికీ తెలుసు. సమ్మక్క భర్త పగిడిద్దరాజుది గంగారం మండలం పూనుగొండ్ల. రెండేళ్లకోసారి మాఘ పున్నమి జాతరకు పూజారులు ఆయన్ను పూనుగొండ్ల నుంచి అడవి దారిన నడిచి మేడారం తీసుకుపోతారు. క్రూరమృగాల మధ్య నవ్వుతూ ఆడుకున్న బిడ్డను దేవతగా కొలిచే జనానికి అడవి జంతువు పరాయిది ఎలా అవుతుంది?

ఆ అడవిలో చుక్కల దుప్పి ఉంది, కణుజు అనే సాంబర్ ఉంది, కొండగొర్రె ఉంది. ఎండాకాలం మొదట్లో, మార్చి నెలలో, ఇప్పచెట్ల కిందికి వెళ్తే మనిషికీ దుప్పికీ ఉన్న పొత్తు కళ్లారా కనబడుతుంది. ఇప్పపువ్వు చీకట్లో రాలుతుంది. లేత పసుపు రంగులో గుండ్రంగా, రసం నిండి, ఊరంతా కమ్మేసే తీపి వాసనతో ఉంటుంది. కోయ ఆడవాళ్లు ముందు రోజే చెట్టు కింద ఆకులు ఊడ్చి నేల శుభ్రం చేసి పెట్టుకుంటారు. కోడికూతకే గంపలతో చేరుకుంటారు. అప్పటికే రాత్రి వచ్చిపోయినవాళ్ల గుర్తులు ఆ నున్నటి మట్టి మీద అచ్చు గుద్దినట్టుంటాయి. కొనదేలిన రెండు చీలికల చిన్న గిట్ట చుక్కల దుప్పిది. అలాంటిదే ఇంకా పెద్దదైతే కణుజుది. మనిషి పాదంలా వెడల్పుగా, ముందు గోళ్ల గాట్లతో ఉంటే ఎలుగుబంటిది. అది కనబడితే ఆడవాళ్లు గొంతులు పెంచి మాట్లాడుకుంటారు, మేం వచ్చామని తెలియడానికి. చెట్టు రాత్రి రాల్చింది జంతువులు తింటాయి. తెల్లారాక మిగిలింది, రాలింది మనుషులు ఏరుకుంటారు. కాగితం మీద రాయని పంపకం ఇది.

పగటిపూట అదే చెట్టు మీద కొండముచ్చులు కూర్చుంటాయి. సగం కొరికి సగం పారేయడం వాటి అలవాటు. కింద దుప్పుల మంద ఆ చిగుళ్లు, కాయలు తింటుంది. కొండముచ్చుకు ఎత్తు మీద నుంచి చూపు దూరం ఆనుతుంది. దుప్పికి ముక్కు చురుకు. పులో చిరుతో వస్తే ఒకదాని కేకకు రెండోది తప్పుకుంటుంది. ఆ కేకలు విని దారి మార్చుకునే మూడో ప్రాణి మనిషి. పశువులు కాసేవాళ్లకు, వెదురు కొట్టేవాళ్లకు ఈ భాష పుట్టుకతో వస్తుంది. కథల్లోని మాయాబంధం అంటే ఇంతకంటే ఏముంది?

కోయలు వేటాడలేదని నేననడం లేదు. విత్తనాల పండుగ వేళ మగవాళ్లంతా కలిసి వేటకు వెళ్లే ఆచారం వాళ్లలో ఉండేది. దానికి కాలం ఉంది, పద్ధతి ఉంది, వేల్పు అనుమతి ఉంది, దొరికింది ఊరంతా పంచుకోవడం ఉంది. పాండురాజుకు కిందముడు చెప్పిన ధర్మం అదే కదా.

ప్రపంచంలో జింకతో బతుకు ముడివేసుకున్న జాతులు నిజంగానే ఉన్నాయి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా దేశాల ఉత్తరపు అంచుల్లో సామి అనే జాతి ఉంది. వాళ్లలో మందలు కాసే కుటుంబాలకు తరతరాలుగా రెయిన్‌డీరే పాడి, పంట, బట్ట, బండి. మనకు కార్తెలున్నట్టు వాళ్లకు రెయిన్‌డీర్ నడకను బట్టి ఏడాదికి ఎనిమిది రుతువులు. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగినప్పుడు ఆ విషధూళి గాలిలో కొట్టుకొచ్చి అక్కడ నాచులా కనిపించే లైకెన్ మీద పడింది. లైకెన్ తినే రెయిన్‌డీర్ మాంసం పనికిరాకుండా పోయింది. సామి కుటుంబాల బతుకు ఒక్కసారిగా తలకిందులైంది. జింకకు తగిలిన దెబ్బ మనిషికి తగలడం అంటే అదీ.

మన దేశంలో రాజస్థాన్ బిష్ణోయిలున్నారు. గురు జాంభేశ్వరుడు పెట్టిన 29 నియమాలు వాళ్ల ధర్మం. కృష్ణజింకను ఇంటి బిడ్డలా చూసుకుంటారు. 1730లో ఖేజడ్లీ గ్రామంలో రాజు మనుషులు చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి ముందు నిలబడగా 363 మంది ఆ చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. అవి ఏ చెట్లో తెలుసా? మనం దసరా నాడు మొక్కే జమ్మి. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర వృక్షంగా జమ్మిని, రాష్ట్ర జంతువుగా జింకను ప్రకటించింది. బిష్ణోయిలు ప్రాణమిచ్చి కాపాడుకున్న చెట్టే మన చిహ్నమైంది, దానితో పాటు జింక కూడా. చిహ్నంగా పెట్టుకున్నాక బాధ్యత కూడా ఉంటుంది కదా.

ఆ బాధ్యత దగ్గరే నా మనసు బాధపడుతుంది. ఇవాళ మన అడవి అంచు పొలాల్లో, అడవి లోపల కూడా, కరెంటు తీగలు పరుస్తున్నారు. కొందరు పంటకు అడ్డొచ్చే పందుల కోసమంటారు. కొందరు దుప్పి మాంసం కోసమే పెడతారు. మోకాలి ఎత్తున కొయ్యలు పాతి, వాటి మీదుగా సన్నని బైండింగ్ తీగ లాగి, పైన పోయే లైనుకు తగిలిస్తారు. చీకట్లో ఆ తీగ ఎవరికీ కనబడదు. నీళ్లకు వచ్చే చూలు దుప్పికి కనబడదు. తునికాకుకు పోయే మనిషికి కనబడదు. భూపాలపల్లి జిల్లాలో ఆ తీగలకు మనుషులు బలైన ఘటనలు కూడా ఉన్నాయి. పాండురాజు కనీసం తాను కొడుతున్న ప్రాణిని కళ్లతో చూసి బాణం వేశాడు. ఈ తీగ పెట్టినవాడు అది కూడా చూడడు. అవతల పడేది జింకో, జింక రూపంలో మునో, పక్కింటి పిల్లవాడో అతడికి తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. కొనడం, తినడం కూడా నేరమే. చివరికి ఏటా తమంతట తాము రాలిపోయే దుప్పి కొమ్ములు ఏరి అమ్మినా నేరమే. కానీ చట్టం అడవిలో ప్రతి చెట్టు కింద నిలబడలేదు. అక్కడ ఉండాల్సింది మన మనసులోని వెరపు.

పంట నష్టపోయిన రైతు బాధ నాకు తెలుసు. రాత్రంతా మంచె మీద కూర్చుని కాపలా కాసేవాడిని నీతులు చెప్పి నిలబెట్టలేం. అతడికి నష్టపరిహారం ఆలస్యం లేకుండా అందాలి. చేను చుట్టూ ప్రాణం తీయని కంచె వేసుకోవడానికి సాయం అందాలి. అడవి లోపల వేసవిలో నీటి గుంటలు నిండి ఉంటే దుప్పి ఊరి చెరువు దాకా రాదు. ఇవి జరిగేలా అడగడం మన పని.

ఇంకొక్క మాట. వానకాలం మొదట్లో గడ్డిలో ఒంటరిగా ముడుచుకుని పడుకున్న దుప్పి పిల్ల మీకు కనబడవచ్చు. అయ్యో తల్లి లేదు అని జాలిపడి ఇంటికి తేకండి. తల్లి దుప్పి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది. వేళకు వచ్చి పాలిస్తుంది. మనం ఎత్తుకొస్తే తల్లి ఉన్న బిడ్డను తల్లిలేనిదాన్ని చేసినట్టు. భరతుడు ఎత్తుకున్న పిల్లకు తల్లి కళ్లముందే చనిపోయింది. ఆ తేడా గుర్తుంచుకోండి. నిజంగా గాయపడిందనిపిస్తే, కుక్కలు తరుముతున్నాయంటే, కుక్కలను అదిలించి అటవీశాఖ వాళ్లకు కబురు చేయండి.

కథలు రాసే యువతీయువకులకు కూడా ఒక విన్నపం. జింకలతో ప్రాణబంధం ఉన్న జాతి గురించి రాయాలనిపిస్తే రాయండి. ఆ కథను పాండవుల గుట్టల కింద మొదలుపెట్టండి, పాఖాల అడవిలో నడిపించండి, బమ్మెర పొలాల్లో ముగించండి. ఆ జాతికి నియమాలు కావాలంటే మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. జంటను విడదీయకూడదు. అందంగా ఉందని ఆశపడి వెంటపడకూడదు. తీసుకున్నది పంచుకోవాలి. అడుగు చూసి వేయాలి. ఈ నియమాలకు మంత్రదండం అక్కర్లేదు. పొలం గట్టు మీది తీగ చుట్టచుట్టి పక్కన పడేసిన రైతు, గడ్డిలో పిల్లను చూసి ముట్టకుండా పశువులను వేరే దారికి మళ్లించిన కాపరి, ఈ సాయంత్రం ఈ కథలు తన మనవరాలికి చెప్పే అవ్వ, వీళ్లంతా ఆ జాతివాళ్లే. ఆ జాతిలో మన ఇంటివాళ్లు కూడా ఉండాలని కోరుకుంటున్నాను.